డీజిల్ ఫోర్ బై ఫోర్‌లో రిజర్వ్ లైట్ వెలిగాక వంద కిలోమీటర్లు గ్యారంటీనా? కాదు

ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, నాకే నాలుగైదు వైపుల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: డీజిల్ ఫోర్ బై ఫోర్‌లో (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండిలో) రిజర్వ్ లైట్ వెలిగినా కంగారు పడక్కర్లేదు ఇంకో వంద కిలోమీటర్లు గ్యారంటీ, డ్యాష్‌బోర్డ్ మీద ఎన్ని కిలోమీటర్లు చూపిస్తే అన్నీ వెళ్ళొచ్చు, డీజిల్ ఇంజిన్ చివరి చుక్క దాకా లాగేస్తుంది, ఆగిపోయినా డబ్బాతో ఐదు లీటర్లు పోసి సెల్ఫ్ కొడితే చాలు, దిగుడులో న్యూట్రల్ వేస్తే ఇంకా కలిసొస్తుంది. చదివితే ధైర్యం వచ్చే మాట నిజమే, కానీ ఇది నమ్మి మనిషి జాడ లేని దారుల్లోకి పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళేవాళ్ళుంటారు, అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తున్నా.

ముందు ఆ వంద కిలోమీటర్ల సంగతి. లైటుకి కిలోమీటర్లు తెలియవండీ. ట్యాంకులో డీజిల్ మీద తేలే బెండు, అదే ఫ్లోట్, ఒక మట్టం కిందకి దిగితే వెలుగుతుంది, అంతే. ఎన్ని లీటర్లు మిగిలినప్పుడు వెలుగుతుందనేది బండిని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో చూసుకోవాలి. ఎనిమిది లీటర్లు అనుకుందాం. తారు రోడ్డు మీద నిదానంగా పోతే లీటరుకి 12 వస్తుందనుకోండి, 96 కిలోమీటర్లు అయింది, అంటే ఆ మెసేజ్ రాసినాయన రోడ్డు మీద చూసింది అబద్ధం కాకపోవచ్చు. అదే బండి మెత్తటి ఇసుకలోనో బురదలోనో ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలకీ వేగం తగ్గించి బలం పెంచే గేరు) వేసుకుని గుంజుకుంటూ పోతుంటే లీటరుకి 4 రావడమే ఎక్కువ, అప్పుడు మిగిలింది 32. ఫోర్ లోలో చాలా బండ్లకి అదే గేరులో అదే దూరానికి ఇంజిన్ దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ తిరుగుతుంది మరి. రాళ్ళ మీద గంటకి ఐదారు కిలోమీటర్లు పాకుతున్నప్పుడైతే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అనే లెక్కే పనికిరాదు, గంటకి ఎన్ని లీటర్లు అని చూడాలి. 2000 సీసీ డీజిల్ ఇంజిన్ బండి కదలకుండా ఊరికే తిరుగుతుంటేనే గంటకి లీటరుకి కాస్త అటూ ఇటూగా తాగుతుంది, ఏసీ వేస్తే ఇంకాస్త.

డ్యాష్‌బోర్డ్ అంకె కూడా ఇదే తప్పు చేస్తుంది. అది ఇప్పటిదాకా వచ్చిన మైలేజ్‌తో మిగిలిన డీజిల్‌ని గుణించి చూపిస్తుంది, ముందు ఏ దారి ఉందో దానికి తెలీదు. మూడు గంటలు హైవే మీద వచ్చి పక్కకి మట్టిదారిలోకి తిరిగితే అది ఇంకా హైవే లెక్కే చెప్తూ ఉంటుంది. పైగా బండి పక్కకి ఒరిగినా ముక్కు పైకి లేచినా ట్యాంకులో డీజిల్ ఒక మూలకి పోతుంది, ఫ్లోట్ ఎటు వైపు ఉంటే దాన్ని బట్టి ముల్లు పైకో కిందకో పోతుంది, కాబట్టి సమంగా ఉన్న చోట ఆపి కాసేపాగి చూసిన అంకెనే నమ్మాలి.

చివరి చుక్క దాకా లాగుతుందన్న మాట అన్నిటికన్నా ప్రమాదం. ఇది నాకు జరిగింది, నా తప్పే. లైటు వెలిగి ఎంతో దూరం కాలేదు, ట్యాంకులో డీజిల్ ఉందని నాకు ఖాయంగా తెలుసు, నిటారుగా ఉన్న ఎక్కుడు ఎక్కుతుంటే సగంలో ఇంజిన్ రెండు సార్లు తడబడింది, నేను ఇంకా తొక్కాను, ఠక్కున ఆగిపోయింది. డీజిల్ అంతా ట్యాంకు వెనక్కి పోయింది, పీల్చే గొట్టం ముందువైపు ఉంది. ఇంజిన్ ఆగాక బ్రేకు రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడింది, స్టీరింగ్ బిగుసుకుంది, వెనకాల లోయ. ఒకళ్ళు దిగి చక్రాల వెనక రాళ్ళు పెడుతుంటే ఇంచులు ఇంచులుగా సమంగా ఉన్న చోటికి దించుకున్నాం. ట్యాంకులో లీటర్లున్నా అక్కడ నాకు అవి లేనట్టే. కొన్ని ట్యాంకుల్లో పీల్చే చోట చిన్న గిన్నె లాంటిది పెడతారు, అది కొంతసేపు ఆదుకుంటుంది గానీ పొడుగాటి ఎక్కుడుకి చాలదు.

ఇక డబ్బా పోసి సెల్ఫ్ కొట్టడం. ఇది పెట్రోల్ బండి వాళ్ళ అలవాటు. డీజిల్ లైన్లోకి ఒకసారి గాలి పోతే ఆ గాలి తీస్తే గానీ స్టార్ట్ కాదు, ఎందుకంటే గాలి నొక్కుకుపోతుంది, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నోజిల్ తెరుచుకునే ప్రెషర్ రాదు. పాత మెకానికల్ పంపు బండ్లలో ఇది కష్టమే గానీ నష్టం తక్కువ, వాటిలో కొన్ని పంపులకి లూబ్రికేషన్ ఇంజిన్ ఆయిలే, నోజిల్ పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడితే ముందు నురగ, తర్వాత డీజిల్ వచ్చేది, బిగించుకుని వెళ్ళిపోయేవాళ్ళం. ఈ సలహా ఆ కాలం నుంచే వచ్చిందని నా నమ్మకం. 1997లో కార్లలోకి కామన్ రైల్ వచ్చింది, అంటే పంపు ఎక్కువ ప్రెషర్‌తో ఒకే గొట్టంలోకి (అదే రైల్) డీజిల్ నింపితే అక్కడి నుంచి ఇంజెక్టర్లు ఇంజిన్‌లోకి చిమ్మే పద్ధతి, అప్పుడే దాని ప్రెషర్ 1350 బార్, ఇప్పటి వాటిలో 2000 దాటిపోతుంది. ఈ పంపు లోపలి ముక్కలకి మామూలుగా వేరే ఆయిల్ ఉండదు, లోపల పారే డీజిలే వాటికి జిడ్డు. అది లేకుండా తిప్పితే ఇనుము ఇనుముని గీసుకుంటుంది, ఆ సన్నటి రజను రైల్లోకి, ఇంజెక్టర్లలోకి పోతుంది, అప్పుడు పంపు ఒక్కటి మారిస్తే సరిపోదు, ఇంజెక్టర్లు మార్చి లైన్లూ ట్యాంకూ కడగాల్సి వస్తుంది. అందుకే కొన్ని కొత్త బండ్లు పూర్తిగా ఎండకముందే ఇంజిన్ని ఆపేస్తాయి. ఇంకో మాట, దయచేసి కామన్ రైల్ బండిలో పాత పద్ధతిలో నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టకండి, ఆ ప్రెషర్‌లో డీజిల్ సన్నటి ధారలా వచ్చి చర్మంలోకి దూరిపోతుంది, అది ఆస్పత్రి కేసు.

న్యూట్రల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజిన్లు డీజిల్ కొట్టడమే ఆపేస్తాయి, న్యూట్రల్ వేస్తే ఇంజిన్ ఆగకుండా ఉండడానికి కాస్త తాగుతూనే ఉంటుంది, పైగా భారమంతా బ్రేకుల మీద.

ఆ మెసేజ్‌కి జవాబుగా తిరుగుతున్న ఇంకో మాట కూడా సరికాదు, ట్యాంకు ఖాళీ అవుతుంటే అడుగున ఉన్న మురికి పీల్చేస్తుందని. ట్యాంకు నిండుగా ఉన్నా పీల్చేది అడుగు నుంచే కదా.

నిజంగా లైటు వెలిగి దారి మధ్యలో ఇరుక్కుంటే ట్రిప్ మీటర్ సున్నా చెయ్యండి, ఏసీ ఆపండి, గట్టి నేల దొరికితే ఫోర్ లో తీసేసి పై గేరులో మెల్లగా నడపండి, ఇసుకైతే టైర్లలో గాలి తగ్గించండి, బండి దిగబడకపోతే డీజిల్ మిగులుతుంది. తడబాటు మొదలైందా, నాలాగా తొక్కకండి, వీలైనంత సమంగా ఉన్న చోట అప్పుడే కీ తిప్పి ఆపెయ్యండి. ఫిల్టర్‌లో, పంపులో ఇంకా డీజిల్ ఉంటుంది. డబ్బా తెచ్చి పోశాక హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి లైన్లోకి డీజిల్ ఎక్కించే చిన్న పంపు) ఉంటే గట్టిపడే దాకా నొక్కండి, కరెంటు పంపు ఉంటే సెల్ఫ్ కొట్టకుండా కీ నాలుగైదు సార్లు ఆన్ చేసి ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగండి, ఆ తర్వాతే సెల్ఫ్, అదీ ఒక్కోసారి పది సెకన్లకి మించకుండా.