జింకల పార్కులో ఖాళీ స్థలం ఎక్కడుంది?

మొన్న మా కాలనీలో ఒక కాగితం ఇంటింటికీ తిరిగింది. వనస్థలిపురం జింకల పార్కును అభివృద్ధి చేయాలని కోరుతూ సంతకాలు అడుగుతున్నారు. అభివృద్ధి అంటే ఏమిటో అందులోనే రాసి ఉంది. చెరువు తవ్వి పడవలు నడపాలి, పిల్లలకు చిన్న రైలు వేయాలి, రాత్రిపూట రంగుదీపాలు వెలిగించాలి. ఎందుకంటే "లోపల అంతా ఖాళీగా పడి ఉంది". ఆ ఒక్క మాట దగ్గర నా మనసు కలుక్కుమంది.

దాని పూర్తి పేరు మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం. విస్తీర్ణం 1,459 హెక్టార్లు, అంటే దాదాపు 3,600 ఎకరాలు. అందరూ గొప్పగా చెప్పుకునే కేబీఆర్ పార్కు లాంటివి ఇందులో పది పడతాయి. ఒకప్పుడు ఇది నిజాం ప్రభువుల వేట మైదానం. కృష్ణజింకలను తరిమి తరిమి కొట్టిన నేల. 1975లో, వర్ధమాన మహావీరుడి 2,500వ నిర్వాణోత్సవాల సందర్భంగా, దీన్ని జింకల రక్షణకు కేటాయించి ఆయన పేరు పెట్టారు. చీమకైనా హాని తలపెట్టవద్దన్న మహానుభావుడి పేరు, తుపాకులు పేలిన చోటుకు! ఆ ఆలోచన ఎవరిదో గానీ వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. మన వనస్థలిపురం పేరులోనూ ఆ వనస్థలే ఉంది.

1994లో దీనికి జాతీయ ఉద్యానవనం హోదా వచ్చింది. తెలంగాణలో అలాంటివి మూడే ఉన్నాయి. ఇదొకటి, కేబీఆర్ ఒకటి, చిలుకూరు దగ్గర మృగవని ఒకటి. మూడూ హైదరాబాదులోనో, పక్కనో ఉన్నవే. ఆ హోదా అలంకారానికి ఇచ్చింది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యం కన్నా జాతీయ ఉద్యానవనానికి కట్టుబాట్లు ఎక్కువ. పశువులను మేతకు తోలడం కూడా నిషేధమే. గొర్రెకు పచ్చిగడ్డి దొరకని చోట మనం రైలు పట్టాలు అడుగుతున్నాం.

ఇక ఆ ఖాళీ సంగతి. కృష్ణజింక దట్టమైన అడవిలో బతికే జంతువు కాదు. దానికి కావలసింది గడ్డి, కనుచూపు మేర బయలు. దాని బలమంతా కళ్లలో, కాళ్లలో ఉంది. ప్రమాదాన్ని దూరం నుంచే పసిగట్టి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. పరుగెత్తడానికి చోటుంటేనే ఆ కాళ్లు పనికొస్తాయి. కాబట్టి మనకు బీడులా కనిపించే ఆ గడ్డినేలే దానికి ఇల్లు, వంటిల్లు, కోట. ఈ లెక్కన గడ్డి ఉన్న చోటల్లా గుంతలు తీసి మొక్కలు నాటడం కూడా దానికి మేలు చేయదు. చెట్లంటే ప్రాణం పెట్టే నాకు ఈ మాట మింగుడుపడటానికి చాలా కాలం పట్టింది.

పోయిన చలికాలం సఫారీ వ్యానులో వెళ్లినప్పుడు ఒక మగజింకను బాగా దగ్గరగా చూశాను. వీపు నల్లగా నిగనిగలాడుతోంది, పొట్ట తెల్లగా ఉంది, కంటి చుట్టూ సున్నం గీసినట్టు తెల్లని వలయం. మెలితిరిగిన కొమ్ములు వెనక్కి వాల్చి, మెడ ఎత్తి మమ్మల్నే చూసింది. వ్యానులో చిన్నపిల్లలు కూడా ఊపిరి బిగబట్టారు. దానికి నాలుగడుగుల దూరంలో గడ్డిలో చిప్స్ కవరు ఒకటి మెరుస్తోంది. నెమరువేసే జంతువు కడుపులోకి ప్లాస్టిక్ పోతే అరగదు, బయటికి రాదు. లోపలే ఉండలు కట్టి ప్రాణం తీస్తుంది. ఆ కవరు దానంతట అది నడిచి రాలేదు. మనలో ఎవరో తిని పడేసిందే.

ఉమ్మడి రాష్ట్రంలో కృష్ణజింక రాష్ట్ర జంతువు. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ దాన్నే ఉంచుకుంది, తెలంగాణ చుక్కల జింకను ఎంచుకుంది. నాకు అందులో బాధేమీ లేదు, చుక్కల జింకలూ ఈ పార్కులో ఉన్నాయి. కానీ రాష్ట్ర చిహ్నం హోదా లేనంత మాత్రాన కృష్ణజింక మనకు పరాయిది అయిపోకూడదు. ఒకవైపు విజయవాడ హైవే, పక్కనే ఆటోనగర్ లారీల మోత, చుట్టూ కాలనీలు. ఇంత నగరం మీదికి వచ్చినా అది ఇంకా ఇక్కడే పిల్లల్ని కని పెంచుకుంటోంది.

సౌకర్యాలు వద్దని నేను అనను. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. వ్యాను కోసం ఎదురుచూస్తూ ఆవిడ ఎండలో గోడకు ఆనుకుని నిలబడితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, అందరికీ తాగునీళ్లు, పెద్దవాళ్లు కూర్చోవడానికి నీడ, వచ్చిన పిల్లలకు ఈ జింక కథ ఓపికగా చెప్పే ఒక మనిషి కావాలి. ఇవన్నీ గేటు పక్కనే అమర్చవచ్చు. లోపలి గడ్డిలో ఒక్క గుంత తీయనక్కరలేదు.

నేను ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. వెనక్కి తిప్పి మరుగుదొడ్డి, తాగునీళ్లు, నీడలో బల్లలు అని పెద్ద అక్షరాలతో రాసి, దాని కింద సంతకం చేసి, పక్కింటికి పంపాను.