సున్నా నుంచి ఆరు దాకా మనశ్శాంతి

మనసు బాగాలేని ఎనిమిది మందిని గుండ్రంగా కూర్చోబెట్టి, గంటన్నర సేపు మాట్లాడించి, చివరికి తలా ఒక కాగితం ఇచ్చి మార్కులు వేయించుకునే పద్ధతిని కొందరు శంకిస్తున్నారు. ఈ శంక బొత్తిగా అనుచితం. కొలతకు అందనిది శాస్త్రం కాజాలదు గనుక, ఏడుపునైనా సరే అంకెల్లోకి దించక తప్పదు.

ఇలా బృందంగా కూర్చోబెట్టి చేసే మానసిక చికిత్స, అంటే గ్రూప్ థెరపీ కోసం 1983లో మనోరోగ వైద్యుడు రాయ్ మెకెంజీ ప్రకటించిన బృంద వాతావరణ ప్రశ్నావళినే చూడండి. ఉన్నవి 12 వాక్యాలే; ఒక్కొక్కదానికి సున్నా నుంచి ఆరు దాకా అంకె వేస్తే సభ్యులు ఎంత కలిసిపోయారో, ఎంత తప్పించుకు తిరిగారో, ఎంత పోట్లాడుకున్నారో తేలిపోతుంది. వాటిలో నాకు మిక్కిలి ఇష్టమైనది, సభ్యులు బృందానికి నచ్చుతుందనుకున్న ప్రకారమే నడుచుకున్నారా అని ఆరా తీసే వాక్యం. నిజంగా అలా నడుచుకునే పెద్దమనిషి, ఆ వాక్యం ఎదుట కూడా బృందానికి నచ్చే అంకెనే, అంటే సున్నానే, వేసి వెళ్తాడు; మొహమాటం వదిలించుకున్న మొండిఘటం మాత్రం ఆరు వేసి సగటును పాడుచేస్తాడు. అసలు చికిత్స ఎవరికి పనిచేసినట్టో అడగకండి, అది ప్రశ్నావళిలో లేదు.

సభ్యులకు స్వేచ్ఛ ఎక్కువైతే ఏమవుతుందో అమెరికన్ మనోరోగ వైద్యుడు అర్విన్ యాలమ్ చూపించాడు. బృంద చికిత్సతో బాగుపడ్డ 20 మందికి, అందులో మేలు చేసి ఉండగలవాటిని ఒక్కొక్కటిగా రాసిన 60 చీటీలిచ్చి, ఎక్కువ మేలు చేసినవాటి నుంచి తక్కువ మేలు చేసినవాటి దాకా ఏడు కుప్పలుగా పేర్చమన్నాడు. తోటివాళ్లు తమ గురించి ముఖం మీదే చెప్పిన మాటలు పైకెక్కాయి. సలహాలూ, ఇతరులను చూసి అనుకరించడమూ, ఆ చీటీలను విడదీసిన 12 వర్గాల్లో అట్టడుగున చేరాయి. ఇంత కృతఘ్నతను లెక్కకట్టి మరీ అచ్చువేయాలా?

నిర్మొహమాటంగా మనసు విప్పి మాట్లాడుకునే ఎన్‌కౌంటర్ బృందాల మీద 1973లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ అధ్యయనం మరీ అన్యాయం. 200 మందికి పైగా విద్యార్థులను పరిశీలించిన లీబర్‌మన్, యాలమ్, మైల్స్ త్రయం, వారిలో 16 మందికి బృందం వల్లే మనసు చెడిందని తేల్చింది. ఆ చెడినవాళ్లెవరో పసిగట్టడంలో బృందాలను నడిపిన నాయకులు వెనకబడగా, పక్క కుర్చీల్లోని సభ్యులు ముందున్నారు. అందరినీ ఒకేసారి ఉద్ధరిస్తున్న మనిషికి, ఒకడు కుర్చీలో మరింత ఒదిగిపోవడం ఎలా కనబడుతుంది?

అందుచేత నేను సవినయంగా సూచించేదేమంటే, నాయకుడికి మార్కులు వేసే కాగితాలను ఆయన సమక్షంలోనే నింపించాలి. నింపినవాటిని గుమ్మం దగ్గర నిలబడి, ఒక్కొక్కరి కళ్లలోకి ఆప్యాయంగా చూస్తూ, ఆయనే స్వయంగా అందుకోవాలి. పేరు రాయనక్కర్లేదని హామీ కూడా ఇవ్వవచ్చు. ఎనిమిది చేతిరాతలు గుర్తుపట్టడం పెద్ద విద్యేమీ కాదు. అయితే, ఈ గదిలో ఎవరికి దెబ్బ తగిలిందని మీకనిపిస్తోంది అంటూ 13వ వాక్యం చేర్చాలనే వాదనను మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. దానికి అంకె చాలదు, పేరు రాయాలి. పేరు రాస్తే ఎవరో ఒకరు ఆ మనిషికి ఫోన్ చేయాలి. ఆ ఫోన్‌కు సగటు కట్టడం ఎలాగో నాకైతే తోచడం లేదు.