తాళం తీయకుండా పతకాలా?

అంతర్జాతీయ పోటీలకు మన ఈత జట్టు వెళ్లిన ప్రతిసారీ వినిపించే మాటే మళ్లీ వినిపిస్తోంది. నూట నలభై కోట్ల దేశం నుంచి పట్టుమని పదిమంది లేరట, వెళ్లినవాళ్లూ హీట్స్ అనే తొలి రౌండులోనే ఇంటిదారి పట్టారట. ఇలా వెక్కిరించేవారిలో ఊళ్లోని ఈతకొలనుల తాళంచెవులు చేతిలో పెట్టుకున్న పెద్దలూ ఉన్నారు. మా కోపం వాళ్లమీదే.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన ఈతగాళ్లు ఇద్దరే. శ్రీహరి నటరాజ్, పద్నాలుగేళ్ల ధినిధి దేసింగు. ఇద్దరూ యూనివర్సాలిటీ కోటాలో వెళ్లారు. ఈతలో వెనకబడిన దేశాలకు చూపే వెసులుబాటు అది. 2000 సిడ్నీలో ఈక్వటోరియల్ గినీ నుంచి ఎరిక్ మౌసాంబానీ అలాంటి వెసులుబాటుతోనే దిగి, వంద మీటర్లకు 1 నిమిషం 52.72 సెకన్లు తీసుకున్నాడు. పాపం, యాభై మీటర్ల కొలనును అతను చూసిందే అక్కడ. మనకు ఆ సాకు కూడా లేదు. అంతకుముందు టోక్యో ఒలింపిక్స్‌కు సాజన్ ప్రకాశ్, శ్రీహరి అర్హత టైమింగ్ సాధించే వెళ్లారుగా!

శ్రీహరి, ధినిధి ఇద్దరిదీ బెంగళూరు. కర్నూలులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగే ఊరు. అక్కడ కొలనులు ఏడాది పొడవునా తెరిచి ఉంటాయి, నేర్పడానికి కోచ్‌లు ఉంటారు. ఇక్కడ? మన కర్నూలు నగరంలోనే ఒక కొలను గేటుకు వేలాడుతున్న తాళం తుప్పు పట్టింది. లోపల అడుగున ఎండుటాకులు. పిల్లలేమో కారు ట్యూబులు నడుముకు కట్టుకుని కేసీ (కర్నూలు-కడప) కాలువలోకి దూకుతున్నారు. కాలువలో సగం ఈత ప్రవాహమే ఈదిపెడుతుంది. గోడను తన్ని మలుపు తిరగడం, దిమ్మె మీద నుంచి దూకడం అక్కడెవరు నేర్పుతారు? ఈత రాని పిల్లడు లోతు తెలియక దిగితే ఏమవుతుందో ప్రతి వేసవిలోనూ చూస్తూనే ఉన్నాం.

కరవు సీమలో తాగునీటికే కటకట, కొలనులు ఎలా నింపుతామన్నది అధికారుల మాట. పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ యాభై మీటర్ల పొడవు, పాతిక వెడల్పు, రెండు మీటర్ల లోతు కొలనుకు పట్టేది 25 లక్షల లీటర్లు. వాటిని రోజూ పారబోయరు. వడపోసి, క్లోరిన్ కలిపి అవే నీళ్లు తిప్పుతారు. ఆవిరైనంత, వడపోతలో పోయినంత నింపితే చాలు. తుంగభద్ర ఒడ్డున కూర్చుని నీళ్లు లేవని చెప్పడానికి నోరెలా వస్తోంది? కరవైంది నీళ్లకు కాదు, మోటారు బాగుచేయించే ఓపికకు.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరపబోతున్నాం. 2036 ఒలింపిక్స్ కూడా మనకే కావాలంటున్నాం. జరపండి, అడగండి. కానీ ఊళ్లో కొలనుకు తాళమేసి, ఢిల్లీలో పతకాల లెక్కలు చెప్పే ఈ రెండు నాల్కల ధోరణి మాత్రం భరించలేం. గేటు తెరవనివారికి జట్టును తిట్టే హక్కెక్కడిది? సొంత ఖర్చులతో, తల్లిదండ్రుల అప్పులతో నీళ్లలో దిగిన పిల్లల్ని ఓడిపోయారని నిలదీసేముందు, వాళ్లకు మీరు ఇచ్చిందేమిటో చెప్పండి.

వేసవి సెలవులు మొదలైపోయాయి. అయ్యా అధికారులూ, ఆ తాళంచెవి ఏ బీరువాలో పడిందో ఈ వారంలోనైనా వెతకండి. దొరక్కపోతే తాళం పగలగొట్టండి.