చికాగో ఛార్జి ఎవరికిచ్చింది?

(కాకినాడ. జూలై నెల, సాయంత్రం ఏడున్నర. కరెంటు ఇప్పుడే వచ్చింది. విశ్వనాథం గారు పడక్కుర్చీ చేతి మీద అట్ట పెట్టుకుని ఏదో రాస్తున్నారు. కామేశ్వరమ్మ గారు గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు. ఆవిడ పక్కన పాల లెక్కల పుస్తకం ఉంది. ముందు పేజీలు పాలవాడివి, వెనక పేజీలు మనవరాలివి.)

కామేశ్వరి: గంట నించీ ఏవిటండీ ఆ రాత?

విశ్వనాథం: వినతి పత్రం.

కామేశ్వరి: ఎవరికి?

విశ్వనాథం: డీన్ గారికి. "మహారాజశ్రీ డీన్ గారి దివ్య సముఖమునకు." ఇంతవరకూ వచ్చింది. ఇంగ్లీషులోకి తర్వాత తిప్పుతాను.

కామేశ్వరి: ఆయనకేం వచ్చిందండీ ఈ కష్టం?

విశ్వనాథం: పిల్లని చికాగో నించి న్యూయార్కుకి ట్రాన్స్‌ఫర్ చేసేస్తే నోరు మూసుకుని కూర్చోమంటావా? అదీ మొదటి ఏడాదిలోనే! నాకు మారేడుమిల్లి వేసింది కూడా పదకొండో ఏట.

కామేశ్వరి: ఎవరూ వెయ్యలేదు మహాప్రభో. అదే అడిగి వెళ్తోంది. లా కాలేజీలో మొదటి ఏడాది మార్కులు బాగా వస్తే, రెండో ఏడాదికి ఇంకా పెద్ద కాలేజీకి మారొచ్చు. దాన్నే అక్కడ ట్రాన్స్‌ఫర్ అంటారు.

విశ్వనాథం: అందరూ అలాగే చెప్పుకుంటారే పిచ్చిదానా. నేను చెప్పలేదూ మీ నాన్నగారికి, "మావయ్యగారూ, ఏజెన్సీ గాలి కామేశ్వరి ఉబ్బసానికి మంచిదని నేనే అడిగి వేయించుకున్నానండీ" అని?

(గోరుచిక్కుడు తుంచే చప్పుడు ఆగిపోయింది.)

కామేశ్వరి: అంటే... మీరు అడగలేదా?

విశ్వనాథం: అదిప్పుడెందుకులే. మన కేసు చూడు. రిక్వెస్టు ట్రాన్స్‌ఫరే అనుకుందాం. రిక్వెస్టు మీద జిల్లా మారితే సీనియారిటీ గోవిందా. కొత్తచోట అందరికంటే అడుగున పడతావు. అది ఎవరైనా చెప్పారా దానికి?

కామేశ్వరి: (పుస్తకం వెనక నించి తిప్పుతూ) చెప్పారు. పోయింది కూడా. చికాగోలో చదివిన 30 క్రెడిట్లూ కలుస్తాయి గానీ మార్కులు కలవవు. కొత్త కాలేజీలో జీపీఏ సున్నా నించి మొదలు. అక్కడ పై పది శాతంలో ఉండేది, ఇక్కడ డిసెంబరు పరీక్షల మార్కులు వచ్చేదాకా దానికి ఏ లెక్కా లేదు. అందుకే ఉద్యోగానికి వెళ్ళిన ప్రతిచోటా రెండు కాలేజీల ట్రాన్స్‌స్క్రిప్టులూ ఇవ్వాలిట.

విశ్వనాథం: చూశావా! సర్వీసు కలుస్తుంది, సీనియారిటీ కలవదు. అమెరికా అయినా అమలాపురమైనా రూలు రూలే.

(ఇక్కడ ఆయన్ని మెచ్చుకోక తప్పదు. ఆవిడ మాత్రం మెచ్చుకోలేదు.)

విశ్వనాథం: మరి రిలీవింగ్ ఆర్డరో?

కామేశ్వరి: దాన్ని లెటర్ ఆఫ్ గుడ్ స్టాండింగ్ అంటారు. పిల్ల మీద ఏ గొడవా లేదు, చదువు సవ్యంగా సాగింది అని పాత కాలేజీ రిజిస్ట్రార్ నేరుగా పంపాలి. మనం కవర్లో పెట్టి పంపితే చెల్లదు. దాంతోపాటు ఆఖరి సెమిస్టరు మార్కులన్నీ ఎక్కిన ట్రాన్స్‌స్క్రిప్టు కూడా వెళ్ళాలి. ఒక ప్రొఫెసరు మార్కులు వెయ్యడం ఆలస్యం చేస్తే ఫైలు అక్కడే కూర్చుంటుంది.

విశ్వనాథం: ఫైలు కూర్చోవడం నాకు చెప్తావా? లాస్ట్ పే సర్టిఫికెట్టు సంగతేవిటి? అది వెళ్ళకపోతే కొత్త ఆఫీసులో జీతం ఎక్కదు.

కామేశ్వరి: జీతం లేదు గానీ అలాంటిదే ఒకటుంది. సెవిస్ అని వీసా పిల్లల రికార్డు. పాత కాలేజీ దాన్ని వదిలితేనే కొత్త కాలేజీ ఐ-20 అనే వీసా కాగితం ఇస్తుంది. వదిలే తేదీని పిల్లే ఎంచుకోవాలి. అక్కడే అందరూ పడతారుట. వేసవిలో పాత కాలేజీ ఇచ్చిన సీపీటీ అనే పని అనుమతి మీద ఇంటర్న్‌షిప్పు చేస్తోంది కదా? రికార్డు వదిలిన రోజుతో ఆ అనుమతి ఆగిపోతుంది. తొందరపడి జూలై 15 అని రాస్తే, ఆ మర్నాటి నించి ఆఫీసులో కూర్చున్నా తప్పే.

విశ్వనాథం: ఇది ఏ తేదీ రాసింది?

కామేశ్వరి: ఇంటర్న్‌షిప్పు ఆగస్టు 1న అయిపోతుంది. 4వ తేదీ రాసింది. మీలాగా పొద్దున్న రిలీవై మధ్యాహ్నం బస్సెక్కలేదు.

విశ్వనాథం: (నీళ్ళు నమిలి) మా వంశం. సరేగానీ, చికాగో ఛార్జి ఎవరికిచ్చింది?

కామేశ్వరి: ఏం ఛార్జండీ?

విశ్వనాథం: దాని కుర్చీలోకి ఎవరో ఒకరు రావాలి కదా. మ్యూచువలా? న్యూయార్కు నించి ఎవడొచ్చాడు చికాగోకి?

కామేశ్వరి: దానికక్కడ కుర్చీ లేదు, బెంచీ ఉంది.

విశ్వనాథం: బెంచీ అయినా జాబితా రాసి, ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ సంతకాలు పెట్టాలి. సంతకం లేకుండా కుర్చీ దిగితే, పదేళ్ళ తర్వాత ఆడిట్‌లో గుండుసూది పోయినా నీ మెడకే.

కామేశ్వరి: ఇవాళంతా కలిపి మీరన్న పనికొచ్చే మాట ఇదొక్కటే. సంతకం.

విశ్వనాథం: ఏదీ, ఇంకోసారి చెప్పు?

కామేశ్వరి: ఒకసారే. న్యూయార్కులో లాయరుగా నమోదు కావాలంటే 50 గంటలు ఉచిత న్యాయసేవ చేసుండాలి. లా చదువు మొదలెట్టాక ఎక్కడ చేసినా ఒప్పుకుంటారు. చికాగోలో పేదవాళ్ళ ఇళ్ళ కేసుల్లో చేస్తోందే, అదీ పనికొస్తుంది. కానీ పైన ఉండి చూసిన లాయరు ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. రెండేళ్ళ తర్వాత అడిగితే ఆ లాయరు ఏ ఊళ్ళో ఉంటుందో ఎవరికి తెలుసు? అందుకే వదిలి వచ్చే ముందే పెట్టించుకోమన్నాను.

విశ్వనాథం: నువ్వన్నావా?

కామేశ్వరి: నేనే. మీ మారేడుమిల్లి ఎనిమిది నెలలూ సర్వీసు రిజిస్టర్లో ఎక్కలేదని మూడేళ్ళు తిరగలేదూ మీరు? అన్నం క్యారేజీ కట్టింది నేనేగా.

విశ్వనాథం: (పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి) జాయినింగ్ టైమ్ ఎన్నాళ్ళిచ్చారు?

కామేశ్వరి: ఇవ్వడం కాదు, లాక్కుంటారు. వచ్చే వేసవి ఉద్యోగాలకి పెద్ద పెద్ద లా ఫర్ములు ఇంటర్వ్యూలు ఇప్పుడే, ఈ సెలవుల్లోనే చేసేస్తాయి. ట్రాన్స్‌ఫర్ పిల్లలకి సీటొచ్చిన ఉత్తరం చేతిలో పడేసరికి, పేర్లిచ్చే గడువుకి వారమో పది రోజులో ఉంటే అదృష్టం, లేకపోతే దాటిపోయే ఉంటుంది. సీటు ఒప్పుకున్న రోజే కెరీర్ ఆఫీసుకి రాసి లాగిన్ అడగాలి. వాళ్ళు జవాబిచ్చేలోపు ఫర్ములకి సొంతంగా దరఖాస్తులు పెట్టుకోవాలి. లా రివ్యూ అని పత్రికొకటుంది, దాని పోటీ పరీక్ష కూడా ట్రాన్స్‌ఫర్ పిల్లలకి ఈ రోజుల్లోనే.

విశ్వనాథం: చేరకుండానే ఇంత పని చేయిస్తున్నారంటే కక్ష కాక ఏవిటది? రాస్తున్నాను. "పై అధికారుల కక్షసాధింపు చర్యగా..."

కామేశ్వరి: రాయండి. ఆ క్లినిక్కు సంగతి కూడా రాయండి.

విశ్వనాథం: క్లినిక్కంటే...

కామేశ్వరి: ఆసుపత్రి కాదని నిన్ననే తేలింది. ఆ జోకు పక్కింటాయనకి కూడా చెప్పేశారు, ఇక చాలు. ప్రొఫెసరు వెనకుంటే పిల్లలే నిజం కక్షిదారుల కేసులు నడుపుతారు. డిగ్రీకి చేత్తో చేసే పని 6 క్రెడిట్లు ఉండి తీరాలని అమెరికన్ బార్ అసోసియేషన్ నియమం. క్లినిక్కు గానీ, కోర్టులోనో సంస్థలోనో ఫీల్డ్ ప్లేస్‌మెంటు గానీ, తరగతిలో ఉత్తుత్తి కేసు నడిపే సిమ్యులేషన్ గానీ.

విశ్వనాథం: అయితే క్లినిక్కే తీసుకోమను.

కామేశ్వరి: తీసుకోవడానికి అది మన పెరట్లో కరివేపాకా? ఆగస్టు క్లినిక్కుకి దరఖాస్తులు చాలా కాలేజీల్లో మార్చి, ఏప్రిల్లోనే అయిపోతాయి. అప్పటికిది అక్కడ లేనే లేదు. కొన్నిచోట్ల కొత్తగా వచ్చేవాళ్ళకి ఒకటి రెండు సీట్లు అట్టేపెడతారు, అడిగితేనే చెప్తారు. లేకపోతే వెయిటింగ్ లిస్టు, అదీ కాకపోతే జనవరి బ్యాచ్. అందులోనూ కొన్నిటికి ఎవిడెన్స్, అంటే సాక్ష్యాల పేపరు, చదివుండాలి. కాబట్టి ఈ ఆగస్టులో ఎవిడెన్స్ పెట్టుకుంటే జనవరికి దారి ఖాళీ.

విశ్వనాథం: అన్నీ నీకెలా తెలుసే?

కామేశ్వరి: పిల్ల మాట్లాడుతుంటే నేను వింటాను. మీరు "భోంచేశావా" అని ఫోను నాకిచ్చేస్తారు. ఇంకోటి చెప్పనా? ఈ వేసవిలో ఏయే కేసుల మీద పనిచేసిందో రాసిపెట్టుకోవాలి. క్లినిక్కులో చేర్చుకునే ముందు అడుగుతారు. అక్కడ ఎదుటి పక్షంలో పనిచేసి, ఇక్కడ ఇటు పక్షంలో కూర్చుంటానంటే కుదరదు.

విశ్వనాథం: అది మర్యాద కాదు.

కామేశ్వరి: మర్యాద కాదు, నియమం. మీ చెల్లెలికి నా గురించీ, నాకు మీ చెల్లెలి గురించీ చెప్పే మీలాంటి వాళ్ళని చేర్చుకోరు.

(ఆయన అట్ట మీద దుమ్ము లేకపోయినా దులిపారు.)

విశ్వనాథం: ఆ 6 క్రెడిట్లూ ఆఖరి సెమిస్టర్లో చేసుకుంటే పోలా?

కామేశ్వరి: మార్చి 31న బడ్జెటంతా ఖర్చుపెట్టిన ఆఫీసు బుద్ధి! ఫీల్డ్ ప్లేస్‌మెంటుకి ఒక్క క్రెడిట్ అంటే 42 గంటలన్నర పని. నాలుగు క్రెడిట్లకి 170 గంటలు. పధ్నాలుగు వారాల్లో చెయ్యాలంటే వారానికి పన్నెండు గంటల పైన. పైగా వీసా పిల్ల, మొదటి రోజుకి ముందే కొత్త కాలేజీ నించి సీపీటీ రాయించుకోవాలి, పాతది పనికిరాదు. ఆఖరి సెమిస్టర్లో సీటు దొరక్కపోతే డిగ్రీ ఆగుతుంది.

విశ్వనాథం: మొత్తం ఎన్ని కావాలి?

కామేశ్వరి: కనీసం 83. కొన్ని కాలేజీలు ఇంకా పైన పెడతాయి. 30 పోగా 53. నాలుగు సెమిస్టర్లకి పంచితే పదమూడు చొప్పున, ఒకదాంట్లో పధ్నాలుగు. ఒకసారి తక్కువ చేసి తర్వాత అంతా ఒకేసారి మోద్దామంటే, ఏ సెమిస్టర్లోనూ మొత్తంలో అయిదో వంతు దాటనివ్వరు. 83 అయితే పదహారుతో సరి.

విశ్వనాథం: నా పెన్షన్ లెక్క కూడా నీకే ఇచ్చేస్తాను.

కామేశ్వరి: ఎప్పటి నించో నాదగ్గరే ఉంది. అసలు చిక్కు వేరే ఉంది. చికాగోలో రాజ్యాంగం పేపరు రెండో ఏడాదిలో పెడతారు. న్యూయార్కు కాలేజీలో మొదటి ఏడాదే అయిపోయింది. ఇప్పుడిది ఆ పేపరు ఒక్కటీ మొదటి ఏడాది పిల్లల పక్కన కూర్చుని చదవాలి.

విశ్వనాథం: (లేచి నిలబడి) రివర్షన్! సూపరింటెండెంటుని తీసుకెళ్ళి జూనియర్ అసిస్టెంటు సీట్లో కూర్చోబెట్టారు! ఇది చాలు, కోర్టుకెళ్దాం.

కామేశ్వరి: కూర్చోండి, బీపీ. ఒక్క పేపరే. కాకపోతే ఆ తరగతి వేళలు మారవు కాబట్టి, ముందు దాన్ని టైంటేబుల్లో కూర్చోబెట్టి మిగతావి దాని చుట్టూ సర్దుకోవాలి. క్లినిక్కు సెమినారు ముందు పెట్టుకుంటే రెండూ ఢీకొంటాయి. వృత్తి నీతి మీద ఇంకో పేపరుంది, తప్పనిసరి, కనీసం 2 క్రెడిట్లు. అది చదివిన వేడిలోనే ఎంపీఆర్ఈ అనే పరీక్ష రాసెయ్యాలి. రెండు గంటలు, 60 ప్రశ్నలు. న్యూయార్కుకి 85 రావాలి.

విశ్వనాథం: నూటికా?

కామేశ్వరి: నూటయాభైకి. సున్నా నించి కాదు, యాభై నించి మొదలు.

విశ్వనాథం: హమ్మయ్య, పాసైపోతుంది. టీఏ బిల్లు?

కామేశ్వరి: టీఏనా? పాత కాలేజీ ఇచ్చిన స్కాలర్‌షిప్పు పాత కాలేజీలోనే ఆగిపోయింది. ట్రాన్స్‌ఫర్ వాళ్ళకి కొత్తగా ఇచ్చేది చాలాచోట్ల అంతంతమాత్రం.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. విశ్వనాథం గారు జేబులోంచి పోస్టాఫీసు పాసుబుక్కు తీసి, ఆవిడ చూడలేదనుకుని, పాల పుస్తకం కింద పెట్టారు. ఆవిడ చూసింది. చిక్కుళ్ళ పళ్ళెం కొంచెం జరిపి దాని మీద పెట్టింది.)

(ఫోను మోగింది.)

కామేశ్వరి: బుజ్జీ! ఇదిగో, తాతయ్య నీతో మాట్లాడాలిట. భోజనం సంగతి కాకుండా.

విశ్వనాథం: అమ్మా, అన్నీ తెలుసు నాకు. ఒక్కటే మాట. ఎఫ్.ఎన్.లో, అంటే పొద్దున్నే జాయినవుతున్నావా, ఏ.ఎన్.లోనా? మధ్యాహ్నం జాయినైతే ఆ రోజు లెక్కలోకి రాదు... ఓరియెంటేషన్ పొద్దున్న తొమ్మిదింటికా? భేష్. తొమ్మిదికి పది నిమిషాల ముందే వెళ్ళి సంతకం పెట్టు. ఎక్కడ అంటే... ఎక్కడో ఒకచోట రిజిస్టరుంటుందమ్మా, అడుగు. చికాగోలో ఆ లాయరమ్మ సంతకం పెట్టిందా? పెట్టేసిందా! కాపీలు ఎన్ని? రెండా? మూడు తియ్యి. మూడోది తాతయ్యకి.

(ఫోను పెట్టేశారు. వినతి పత్రం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నారు.)

కామేశ్వరి: అదింకా ఎందుకండీ?

విశ్వనాథం: ఆఫీసు కాపీ.

(ఆవిడ పాల పుస్తకం వెనక పేజీలో "ఎఫ్.ఎన్." అని రాసి, కింద గీత గీసి, పెన్ను పక్కన పెట్టారు.)

కామేశ్వరి: ఇప్పుడు చెప్పండి. మారేడుమిల్లి ఎవరు వేశారు మిమ్మల్ని? దేనికి?

విశ్వనాథం: ఆ చిక్కుళ్ళు ఇలా ఇయ్యి. నేను తుంచుతాను.