గది ఊడవకపోవడం ఎలా? – ఒక ఉన్నత విద్యా కోర్సు

హోటల్ మేనేజ్‌మెంట్ చదువులో మహత్తరమైన ముందడుగు పడింది. హౌస్‌కీపింగ్, అంటే గదుల శుభ్రత సబ్జెక్టులో 'పరిశ్రమలో నూతన ధోరణులు' అనే యూనిట్ ఉంటుంది కదా, అందులో మొదటి అంశంగా ఇప్పుడు గది ఊడవకపోవడాన్ని బోధిస్తున్నారు. ఎగతాళి కాదు. స్లయిడ్ మీద దానికి అందమైన పేరు కూడా ఉంది: 'అతిథి ఎంపిక ఆధారిత సేవ'. అతిథి అడిగితే శుభ్రం చేస్తాం, అడక్కపోతే చేయం. పక్కనే ఒక ఆకుపచ్చ ఆకు బొమ్మ. ఆకు లేకుండా ఈ స్లయిడ్ వేయడం నేరమేమో తెలియదు గానీ, అలా వేసినవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

ఊడవడం నేర్పడానికి ఒక మాస్టారు చాలు. ఊడవకపోవడం నేర్పాలంటే ఆ మాస్టారికే మళ్లీ ట్రైనింగ్ కావాలి. అందుకే మాలాంటి అధ్యాపకులందరినీ ఏసీ హాల్లో కూర్చోబెట్టి, మెడలో ట్యాగులు వేసి, రేపటి హౌస్‌కీపింగ్‌ను ఎలా బోధించాలో చెబుతారు. చెప్పేవారు మామూలుగా కన్సల్టెంట్ అయ్యుంటారు. కన్సల్టెంట్ అంటే గదులు శుభ్రం చేసే సామాన్ల ట్రాలీ తోసి చాలాకాలమైనవాడు, లేదా జన్మలో తోయనివాడు. రెండో రకం వారి స్లయిడ్లు ఇంకా బాగుంటాయి.

అన్ని గొప్ప విద్యలకూ ఉన్నట్టే దీనికీ చరిత్ర ఉంది. మొదట టవల్ కార్డు వచ్చింది. భూమిని కాపాడండి, టవల్‌ను కొక్కేనికి తగిలించండి అంటూ బాత్‌రూమ్‌లో పెడతారే, ఆ అట్టముక్క. జే వెస్టర్‌వెల్డ్ అనే పర్యావరణవాది 1986లో ఒక వ్యాసంలో ఆ కార్డుల మీద విరుచుకుపడుతూ, మీ లాండ్రీ ఖర్చు తగ్గించుకోడానికి భూమి పేరెందుకయ్యా అని అడిగాడు. 'గ్రీన్‌వాషింగ్', అంటే పర్యావరణం పేరు చెప్పి సొంత లాభం చూసుకోవడం, అనే మాట ఆ వ్యాసంలోంచే వచ్చింది. ఇవాళ చమురు కంపెనీలను, విమానాల కంపెనీలను తిట్టడానికి లోకమంతా వాడుతున్న మాటకు పుట్టిల్లు హోటల్ బాత్‌రూమ్ అన్నమాట. హౌస్‌కీపింగ్ శాఖ మానవాళికి చేసిన ఇంత పెద్ద మేలు ఏ స్లయిడ్‌లోనూ కనపడదు. 2008లో గోల్డ్‌స్టీన్, చాల్దీని, గ్రిస్కెవిసియస్ అనే పరిశోధకులు ఇంకో సంగతి కనిపెట్టారు. భూమి గురించి చెప్పేకన్నా, ఈ హోటల్లో దిగినవాళ్లలో ఎక్కువమంది టవల్‌ను మళ్లీ వాడుతున్నారని రాస్తే జనం బాగా వింటారట. ఇది మాత్రం స్లయిడ్‌లో ఉంటుంది, బాణం గుర్తుతో సహా.

టవల్ రోజూ ఉతక్కపోతే నీళ్లు మిగులుతాయి, కాదనను. కానీ ఆ పొదుపు టవల్ దగ్గర ఆగలేదు. దుప్పటికి పాకింది, చెత్తబుట్టకు పాకింది, 2020లో రోగం పేరు చెప్పి ఏకంగా గుమ్మం బయటికొచ్చి నిలబడింది. రోగం తగ్గింది, పొదుపు మాత్రం గుమ్మం దాటి లోపలికి రానంది. 2021లో హిల్టన్ సంస్థ అమెరికాలోని తన హోటళ్లలో చాలావాటిలో అడిగితేనే గది శుభ్రం చేస్తామని ప్రకటించింది. లగ్జరీ హోటళ్లకు మాత్రం మినహాయింపు. ఎక్కువ డబ్బు కట్టిన అతిథికి భూమితో పేచీ లేదు కాబోలు.

ఈ పాఠాన్ని బుద్ధిగా నేర్చుకున్న విద్యార్థిని ప్రాక్టికల్ పరీక్షకు వస్తే ఎలా ఉంటుందా అని ఆలోచించాను. ఒకసారి మొదలయ్యాక ఆపడం నావల్ల కాలేదు.

కాలేజీ కింది అంతస్తులో మాక్ రూమ్, అంటే సాధన కోసం హోటల్ గదిలా అమర్చిన గది. మంచం మీద దుప్పటి ఉండచుట్టి ఉంది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ పాతకాలం మనిషి. ఫొటో ఫ్రేము పైఅంచు మీద వేలు పెట్టి రాసి, ఆ వేలిని మౌనంగా విద్యార్థి ముఖం ముందు ఆడించే రకం. అమ్మాయి వచ్చింది. పద్ధతి ప్రకారం తలుపు కొట్టి "హౌస్‌కీపింగ్" అంది. అక్కడే నిలబడింది.

"లోపలికి వెళ్లమ్మా."

"గెస్ట్ అడగలేదు సార్."

"గెస్ట్ ఎవరూ లేరమ్మా, ఇది మాక్ రూమ్."

"లేని గెస్ట్ ఎలాగూ అడగలేరు కదా సార్. అడగలేదంటే సేవ వద్దన్నట్టే. మూడో స్లయిడ్."

ఎగ్జామినర్ మా మాస్టారి వైపు చూశాడు. మాస్టారు తల దించుకుని, మూడో స్లయిడ్‌లో అలాగే ఉందన్నాడు.

"సరే, నేనే గెస్ట్‌ని అనుకో. అడుగుతున్నా. ఆ మంచం సర్దు."

"యాప్‌లో రిక్వెస్ట్ పెట్టండి సార్."

ఎగ్జామినర్ యాప్ దించుకున్నాడు. ఓటీపీ రాలేదు. కింది అంతస్తు కాబట్టి సిగ్నల్ లేదు. అటెండర్ ఆ ఫోన్ పట్టుకుని మెట్లెక్కి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఓటీపీ అంకెలు పైనుంచి గట్టిగా అరిచాడు. చివరికి రిక్వెస్ట్ వెళ్లింది. అమ్మాయి చేతిలో ట్యాబ్ టింగుమంది. మీ అభ్యర్థన మాకెంతో విలువైనది, సిబ్బంది లభ్యతను బట్టి రేపు మధ్యాహ్నంలోగా స్పందిస్తాం అని చదివి వినిపించింది.

"మరి ఆ చెత్తబుట్ట?"

"మూట కట్టి తలుపు బయట పెట్టండి సార్."

"టవల్?"

"పాతది తీసుకుని రిసెప్షన్‌కి వెళ్లండి సార్, కొత్తది ఇస్తారు."

ఈ మాటలు నడుస్తుండగానే ఎగ్జామినర్ చేతులు ఊరుకోలేకపోయాయి. పాత అలవాటు. దుప్పటి దులిపాడు, పరుపు మూల ఎత్తి అంచు లోపలికి తోశాడు, మూలను కవరులా మడిచాడు, అరచేత్తో ముడత తీశాడు. దిండ్లు నిలబెట్టాడు. అమ్మాయి ట్యాబ్‌లో రాసుకుంది: 'అతిథి సేవలో ఉత్సాహంగా పాల్గొన్నారు.' మార్కుల షీటు చూస్తే అతిథి భాగస్వామ్యానికి 20కి 20, నీటి పొదుపుకు 20కి 20, లేబర్ ఖర్చు తగ్గింపుకు 20కి 20. గోల్డ్ మెడల్ ఖాయం. ఆ తర్వాత వచ్చిన పిచ్చిపిల్ల ఎవరో తలుపు తట్టి లోపలికెళ్లి, గది అద్దంలా చేసి బయటికొచ్చిందట. ఫెయిల్. మూడో కుర్రాడు టవల్‌తో హంస చేసి మంచం మీద కూర్చోబెట్టాడు. బాత్‌రూమ్ తలుపైనా తీయలేదు, పాసైపోయాడు. హంసకు ఎప్పుడూ మార్కులుంటాయి.

రెండో ధోరణి రోబోలు. జపాన్‌లో 2015లో తెరిచిన హెన్ నా హోటల్ ఫొటో లేకుండా ఏ ట్రెండ్స్ క్లాసూ పూర్తవదు. రిసెప్షన్‌లో డైనోసార్ రోబో నిలబడి ఉంటుంది, హాల్లో అందరూ ఫోన్లు తీసి ఫొటో తీసుకుంటారు. తర్వాతి స్లయిడ్ ఎప్పుడూ రాదు. ఆ హోటల్ 2019 నాటికి తన 243 రోబోల్లో సగానికి పైగా పక్కన పెట్టేసింది. గదిలో సాయం కోసం పెట్టిన బొమ్మ రోబో ఒక అతిథి గురకను ప్రశ్న అనుకుని, మీరన్నది అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అంటూ రాత్రంతా నిద్ర లేపింది. ఇంతకీ పక్క వేసే రోబో ఏదండీ? టవల్ మోసుకొచ్చేది ఉంది, కారిడార్ ఊడ్చేది ఉంది. పరుపు ఎత్తేదీ కమోడ్ తోమేదీ మనిషే. ఏ పనికి రోబో లేదో ఆ పని గురించే క్లాసులో మాట లేదు.

స్లయిడ్‌లో లేని లెక్క ఒకటి చెబుతాను. పుస్తకం ప్రకారం గదికి 30 నిమిషాలు. ఎనిమిది గంటల షిఫ్టుకు 480 నిమిషాలు. భాగిస్తే 16 గదులు. విద్యార్థి 16 అని రాస్తే ఎర్ర ఇంకుతో టిక్కు పడుతుంది. పొద్దున బ్రీఫింగ్‌కు పట్టే టైమ్, ట్రాలీ సర్దుకునే టైమ్, సర్వీస్ లిఫ్ట్ కోసం నిలబడే టైమ్, లినెన్, అంటే దుప్పట్లూ టవళ్లూ, తక్కువైతే మూడంతస్తులు తిరిగే టైమ్, అన్నం తినే టైమ్ ఎవరి ఖాతాలోంచి పోతాయి? గదులు శుభ్రం చేసే ఆవిడ నడుములోంచి పోతాయి.

ఆ 30 నిమిషాలు కూడా రోజూ చెయ్యి పడే గదికి. 'ఎంపిక' పేరుతో నాలుగు రోజులు ఎవరూ అడుగుపెట్టని గది చెక్‌అవుట్ రోజున ఎలా ఉంటుందో కన్సల్టెంట్ గారు చూశారా? షవర్ గాజు మీద సబ్బు తెట్టు కట్టి గట్టిపడి ఉంటుంది, ఒక్క స్ప్రేకు రాదు. టైళ్ల సందుల్లో నలుపు. డ్రెయిన్ జాలీకి జుట్టు ఉండ. చెత్తబుట్ట పొంగిపొర్లి, కింద కార్పెట్‌లోకి ఏదో కారి ఎండిపోయి ఉంటుంది. తడి టవళ్లన్నీ ఒక మూల కుప్పగా పడి ముక్కిపోయి ఉంటాయి. దీనికి ఎంత టైమ్ పడుతుంది? రోజుకు ఇన్ని గదులని రాసిచ్చే కోటా షీటు మీద మాత్రం అది కూడా ఒక గదే. పైగా మధ్య రోజుల్లో పని లేదు కాబట్టి మనుషుల్ని తగ్గించేస్తారు, మిగిలినవాళ్లకు బరువు గదులన్నీ ఒకేసారి మీద పడతాయి. లాస్ వెగాస్‌లో 2023 ఒప్పందాల్లో హోటల్ కార్మికుల యూనియన్ పట్టుబట్టి సాధించినవాటిలో ఒకటి, గదులు రోజూ శుభ్రం చేయించాలన్నది. చేసే మనిషే రోజూ పని చేయించండి మహాప్రభో అని కొట్లాడాల్సి వచ్చింది! దీన్ని ధోరణి అనరా? ఏ క్లాసులో చెప్పారు?

మంచం సంగతి చూడండి. 1999లో వెస్టిన్ హోటళ్లు 'హెవెన్లీ బెడ్' అని కొత్త పరుపు తెచ్చాయి. ఆ తర్వాత అందరూ పోటీ పడ్డారు. పరుపు మందం పెరిగింది, పొరలు పెరిగాయి, దిండ్లు పెరిగాయి. స్వర్గం అతిథికి. ఆ స్వర్గాన్ని మూలమూలా ఎత్తి పట్టుకుని దుప్పటి దోపేది ఇంకొకరు. అమెరికాలో 50 హోటళ్ల రికార్డులు తీసి చూసిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. వంటవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, విందుల్లో వడ్డించేవాళ్లు, అందరికన్నా ఎక్కువగా గాయపడుతున్నది గదులు శుభ్రం చేసేవాళ్లేనని తేలింది. దానికి మన విద్యారంగం మెచ్చే పరిష్కారం ఏమిటో తెలుసా? 2007 నాటి ఇంకో పరిశోధన. ఏలియా క్రమ్, ఎలెన్ లాంగర్ అనేవారు ఏడు హోటళ్లలో 84 మంది రూమ్ అటెండెంట్లను తీసుకుని, కొందరికి మీ పని మంచి వ్యాయామం అని చెప్పారు. నాలుగు వారాల్లో ఆ చెప్పించుకున్నవాళ్ల బరువూ బీపీ కాస్త తగ్గాయి. మనసు ప్రభావం మీద చేసిన పరిశోధన అది, అక్కడిదాకా బాగానే ఉంది. దాన్ని తీసుకొచ్చి 'సిబ్బందిలో స్ఫూర్తి నింపడం' అనే స్లయిడ్‌లో పెట్టారు. గదులు తగ్గించక్కర్లేదు, జిమ్‌కు వెళ్తున్నావనుకోమ్మా అని చెబితే చాలట! సిగ్గుండాలి.

అసలు కొత్తదనం లేక కాదు. స్పెయిన్‌లోని బలియారిక్ దీవుల్లో 2022లో పర్యాటక చట్టం మార్చి, హోటళ్లలో పైకి లేచే మంచాలు పెట్టాలన్నారు. మీటతోనో కరెంటుతోనో మంచం లేస్తుంది, మనిషి వంగక్కర్లేదు. కాలిఫోర్నియాలో 2018 నుంచి హౌస్‌కీపింగ్ సిబ్బంది ఒంటికి దెబ్బ తగలకుండా చూడటానికే ప్రత్యేక నిబంధన ఉంది. ఏ పనిలో నడుం పట్టేస్తోందో ఆ పని చేసేవాళ్లతో కలిసే పరిశీలించాలి, తగిన పనిముట్లు ఇవ్వాలి. పారిస్‌లోని బాటిన్యోల్ ఐబిస్ హోటల్లో గదులు శుభ్రం చేసే ఆడవాళ్లు 2019 నుంచి 2021 దాకా 22 నెలలు పోరాడి పనిభారం తగ్గించుకున్నారు. వాళ్లలో ఒకరైన రషెల్ కెకె 2022లో ఫ్రాన్స్ పార్లమెంటుకు ఎన్నికయ్యారు. హౌస్‌కీపింగ్‌లో కెరీర్ అవకాశాలు అనే స్లయిడ్‌లో ఆవిడ ఫొటో పెట్టొచ్చు కదా? అక్కడ కూడా సూటు వేసుకున్న వేరే ఎవరో నవ్వుతుంటారు.

శిక్షణలో ప్రశ్నల సమయం వచ్చినప్పుడు పైకి లేచే మంచం గురించి అడిగాను. "అది హెచ్‌ఆర్ సబ్జెక్ట్ అండీ" అని, దిండ్ల మెనూ మీదికి వెళ్లిపోయారు. లావెండర్ వాసన వచ్చే దిండు, బుక్‌వీట్ పొట్టు నింపిన దిండు. దిండ్లకు పద్దెనిమిది స్లయిడ్లు.

కాబట్టి సిలబస్ కమిటీ వారికి నాదొక చిన్న మనవి. ట్రెండ్స్ క్లాసు చెప్పేవారికి అర్హత పరీక్ష పెట్టండి. ముందురోజు పొద్దున్నే యూనిఫాం వేయించి, 16 చెక్‌అవుట్ గదుల షీటు చేతిలో పెట్టండి. గదికి 30 నిమిషాలు, వాచీ పట్టుకుని సూపర్‌వైజర్ వెంట ఉండాలి. మధ్యలో ఒక గదికి 'డిస్టర్బ్ చేయొద్దు' బోర్డు వేలాడదీసి, షిఫ్టు అయిపోయే పది నిమిషాల ముందు తీసేయాలి. ఫ్రంట్ ఆఫీస్ వాళ్లు గంటకోసారి ఫోన్ చేసి 412 నంబరు గది ఇంకా అవలేదా అని అడగాలి. బాత్‌టబ్ అవతలి అంచు అందక పొడుగు కర్ర ఉన్న బ్రష్ కావాలంటే, ఇండెంట్ పెట్టాం సార్, బడ్జెట్ రాలేదు, ప్రస్తుతానికి మోకాళ్ల మీద కానిచ్చేయండి అనాలి.