వదిలేసినోడికీ ఒక శాలువా కప్పండి

మ్యూజిక్ లేబుల్స్‌ని, అంటే పాటలు రికార్డు చేయించి అమ్ముకునే కంపెనీలని, అందరూ ఊరికే ఆడిపోసుకుంటారు గానీ, ఇంత పద్ధతిగా నడిచే వ్యాపారం ఇంకోటి ఉంటే చూపించండి.

రీల్స్‌లో పాడి పాడి పేరు తెచ్చుకున్న ప్రొద్దుటూరు కుర్రాడొకడు హైదరాబాద్‌లో ఒక లేబుల్‌కి సైన్ చేశాడు. ఆ వారమే కడప ఏడు రోడ్ల సర్కిల్లో ఫ్లెక్సీ లేచింది. నల్ల కళ్లద్దాలు, చేతిలో మైకు, కింద వరసగా స్నేహితుల పాస్‌పోర్టు ఫొటోలు (అందులో సగంమంది వాడి పాట ఒక్కటీ పూర్తిగా విని ఉండరు). అడ్వాన్సు వచ్చిందని వాళ్ల నాయన బంధువులందరికీ ఫోన్లు కొట్టాడు.

అడ్వాన్సంటే ఏందో మన సీమోళ్లకు చెప్పాల్నా? విత్తనానికి డబ్బిచ్చి, పంట రాగానే లెక్కలో కోసుకునే శెనక్కాయల వ్యాపారి తెలియందెవరికి! ఇక్కడా అంతే, స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చు, ప్రమోషన్ ఖర్చు అన్నీ పాడినోడి రాయల్టీలోంచే, అంటే పాట సంపాదనలో వాడికొచ్చే వాటాలోంచే, అది తీరేదాకా చేతికి పైసా రాదు. కాకపోతే వ్యాపారి పంట పట్టుకుపోయినా చేను మనకే వదుల్తాడు, లేబుల్ మాత్రం మాస్టర్ రికార్డింగు (పాట అసలు రికార్డింగు) పేరుతో చేను కూడా రాయించుకుంటుంది. రాసినోడు, బాణీ కట్టినోడు రాయల్టీ హక్కు వదులుకోవడానికి వీల్లేదని 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు, నిజమే. కానీ సంతకం పెట్టేటప్పుడు చట్టం ఎవరికి గుర్తుంటుంది, సెల్ఫీ దిగాలి కదా. పైగా తర్వాతి ఆల్బమ్ చేయించుకోవాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం, బయటికి పోవాలా వద్దా అన్నది మాత్రం కుర్రాడి ఇష్టం కాదు.

ఇక వదిలేయడంలో వాళ్ల సంస్కారం చూడండి. తిట్టరు, గొడవపడరు. సైన్ చేయించిన పెద్దమనిషి వేరే కంపెనీకి పోతాడు, ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చినాయనకు మనోడి పేరే తెలీదు. మొదట్లో "చిన్నా, ఇరగదీశావ్" అన్న వాట్సాప్‌లోనే కొన్నాళ్లకు "మీటింగ్‌లో ఉన్నా బ్రో" అని వస్తుంది, ఆఖరికి "నోటెడ్ సర్". సర్ అన్నారంటే పని అయిపోయినట్టే.

అప్పుడు మేనమామలు దిగుతారు. 1962లో బీటిల్స్ బ్యాండ్‌ని డెక్కా లేబుల్ వద్దనలేదా, 2006లో గాయని లేడీ గాగాను డెఫ్ జామ్ లేబుల్ సైన్ చేసి నెలల్లోనే వదిలేయలేదా, వాళ్లు స్టార్లు కాలేదా అని. లేబుల్ వదిలేశాక బట్టలకొట్లో కూర్చున్నవాళ్ల జాబితా మాత్రం ఏ మేనమామ దగ్గరా ఉండదు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం. సైన్ చేసినప్పుడు ఫ్లెక్సీ ఉన్నప్పుడు, డ్రాప్ చేసినప్పుడు సభ ఎందుకుండకూడదు? కడప కళాక్షేత్రంలో పెట్టండి. కంపెనీ పెద్దాయన స్వయంగా వచ్చి, "వీడి పాటలు మావే, వీడు మాత్రం మావాడు కాడు" అని మైకులో చెప్పి శాలువా కప్పాలి. వచ్చినవాళ్లకు కారం దోసె. ఖర్చు గురించి కంపెనీకి టెన్షన్ అక్కర్లేదు, శాలువాతో సహా అంతా కుర్రాడి ఖాతాలోనే రాసుకోవచ్చు.