తాళం ఆయనది, మునక నాది

కార్తీక సోమవారం మహానందికి పోదామని మా తోడల్లుడు ఫోన్ చేశాడు. కొత్త కారు కొన్నాడు. కొత్త కారు కొన్నవాళ్లకు మొదటి నెల భక్తి బాగా ముదిరి ఉంటుంది. చీకటితోనే కర్నూలులో బయలుదేరి, పాణ్యం దాటి, నంద్యాలలో టీ తాగి, అరటితోటల పక్కన పడి గుడికి చేరాం. దారి పొడుగునా ఆయన రివర్స్ కెమెరా గురించి చెప్పాడు. వెనక్కి పోవాల్సిన పని ఒక్కచోట కూడా రాలేదు.

(2022లో జిల్లాలు విడగొట్టాక మహానంది నంద్యాల జిల్లాలోకి పోయింది. అయినా మేం కర్నూలోళ్లం ఇప్పటికీ అది మాదే అన్నట్టు మాట్లాడతాం. ఇంటికొచ్చిన చుట్టాలకు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.)

కోనేట్లో దిగబోతుంటే ఆయన కారు తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

"నాకు పడిశం తమ్ముడూ, నేను దిగను. ఇది నీ దగ్గర ఉండనీ."

"దిగనోళ్లు మీరే పెట్టుకోవచ్చు కదన్నా?"

"పంచకు జేబు లేదు."

నా పంచకు ఉన్నట్టు! వదినకు ఇవ్వమన్నాను. బ్యాగులో వేసి మర్చిపోతుందట. చివరికి "రొంటిన దోపుకోప్పా, ఏం కాదు" అని ఆయనే తీర్పు చెప్పేశాడు. పెద్దల్లుడు. మా అత్తగారింట్లో ఆయన మాటకు అప్పీలు లేదు.

శివా అని మునిగి లేచేసరికి రొంటిలో తాళం లేదు.

ఇక్కడ మహానంది నీళ్ల సంగతి చెప్పాలి. కోనేరు అయిదడుగుల లోతు. అడుగున గుండుసూది పడినా కనిపిస్తుందని మా పక్క పిల్లలు కూడా చెప్తారు. అదేదో గొప్పకు చెప్పుకునే మాట అనుకునేవాణ్ణి. కాదు. నల్ల తాళం, వెండి రంగు రింగు, కారు ఇచ్చిన రోజు పూజ చేసి కట్టిన ఎర్ర దారం, దారానికి వేసిన ముడితో సహా కనిపిస్తున్నాయి. నాకే కాదు, మెట్ల మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ కనిపిస్తున్నాయి. నీళ్లు మురికిగా ఉంటే "పోయింది" అని చేతులు దులుపుకుని గట్టెక్కేవాణ్ణి. కళ్లెదుట ఉన్న వస్తువును పోయిందని ఎట్లా అనేది?

నీళ్లలో వస్తువు ఉన్నచోటు కంటే పైకి కనిపిస్తుందని బడిలో చదువుకున్నాను. బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ బొమ్మలో మనిషి గట్టు మీద నిలబడి ఉంటాడు, వాడికేం! అడుక్కు చెయ్యి అందాలంటే తల మునగాలి. నేను తల ముంచితే కాళ్లు పైకి లేస్తాయి, కాళ్లు ముంచితే తల. ఈత రానోళ్లు మునిగిపోతారని అంటారు గానీ, నాకు ఈతా రాదు, మునగడమూ చేతకావడం లేదు.

మెట్ల మీద నుంచి సలహాలు మొదలైనాయి. "కుడి పక్కకు అన్నా." "ఆయన కుడి కాదబ్బీ, మన కుడి." "కాలివేళ్లతో పట్టు సామీ." ఆ చివరిది బాగానే ఉందనిపించి కాలివేళ్లతో వెతికాను. వేళ్ల మధ్య ఏదో గట్టిగా తగిలింది. ఊపిరి బిగబట్టి, నాలుగు గుటకలు మింగి, మొత్తానికి పట్టుకుని పైకెత్తాను. అయిదు రూపాయల బిళ్ల. మళ్లీ ప్రయత్నిస్తే రూపాయి. ఆ తర్వాత రెండు రూపాయలు. భక్తులు వేసిన చిల్లరంతా వరసగా నా చేతికే వస్తోంది, తాళం తప్ప.

మెట్ల మీదున్న ఒక అవ్వకు ఇదంతా వేరే రకంగా అర్థమైంది.

"చూస్తే చదువుకున్నోని మాదిరుండావు నాయనా. సామి దుడ్లు ఏరుకుంటాండావే!"

"లేదవ్వా, తాళం..."

"తాళమైతే చేతిలో బిళ్లలు యాడివి?"

దీనికి జవాబు లేదు. బిళ్లలన్నీ అవ్వ కళ్లెదుటే మళ్లీ నీళ్లలో వేశాను. ఆమె లెక్క పెట్టుకుంది. అప్పటి నుంచి నేను మునిగి లేచిన ప్రతిసారీ రెండు చేతులూ తెరిచి ఆమెకు చూపించాల్సి వచ్చింది.

ఇంతసేపూ మా తోడల్లుడు ఏం చేస్తున్నాడంటే, గట్టు మీద నిలబడి వీడియో తీస్తున్నాడు. ఊరికే తీసినా బాగుండేది. పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబానికి స్థలపురాణం కూడా చెప్తున్నాడు. ఆవు పుట్ట మీద పాలు ధార పోస్తుంటే రాజు పొంచి చూశాడని, అది బెదిరి పుట్టను తొక్కిందని, అందుకే లోపల లింగం మీద గిట్ట గుర్తు ఉంటుందని. నంద్యాల చుట్టుపక్కల నవనందులు ఉన్నాయని, ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది ఊళ్లోనే ఉన్నాయని. ఊట నీళ్లు చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంటాయని. ఆ వెచ్చదనమే నా కొంప ముంచింది. కాస్త వణికినా ఎవరైనా జాలిపడి దిగి ఉండేవాళ్లు.

"ఎంత నీరు వస్తుందో అంత నీరూ పోతుంటుందండీ. మట్టం మారదు. ఈ నీళ్లతోనే సుమారు 2000 ఎకరాలు పారుతుంది" అని ఆయన అంటున్నప్పుడే నా రొంటిముడి పూర్తిగా ఊడింది.

తడిసిన పంచ కాళ్లకు చుట్టుకుంటుందనుకున్నాను. కాళ్లు పైనున్న మనిషికి అది వర్తించదు. పంచ గొడుగు విచ్చుకున్నట్టు విచ్చుకుని, నన్ను వదిలి, నీళ్లు పోయే వైపుకు నిదానంగా బయలుదేరింది, ఆ 2000 ఎకరాల అరటితోటల దిక్కుకు. కిందికి చూసుకుంటే గుండుసూది కూడా కనిపించే నీళ్లు. నా డ్రాయరు నీలం, తెలుపు చారలది. ఒక్కో చార వెడల్పు ఎంతో కూడా మెట్ల మీద నుంచి చెప్పవచ్చు. హైదరాబాదు కుటుంబం లింగం వైపు కాదు, నా వైపు చూస్తోంది. అవ్వ మాత్రం నా చేతుల వంకే చూస్తోంది. ఆమె కళ్లకు చారలు ఆనలేదు, నా అదృష్టం.

"తమ్ముడూ, పంచ పోతాంది!" అన్నాడు మా తోడల్లుడు. ఫోన్ దించలేదు.

పంచ పట్టుకునేందుకు నేను అటు నడుస్తుంటే, పదేళ్ల పిల్లోడొకడు మెట్టు మీద నుంచి దూకి, మునిగి, తాళంతో లేచాడు. అంతే. వాడికి చదువులో ఆ బొమ్మ ఇంకా వచ్చి ఉండదు.

దర్శనం బాగా జరిగిందని మా ఆవిడ చెప్పింది.

కారు దగ్గర ఎన్నిసార్లు బటన్ నొక్కినా తలుపు తెరుచుకోలేదు. చివరికి తాళంతోనే తిప్పితే హారన్ మొదలైంది. పార్కింగులో ఉన్న కార్తీక భక్తులందరూ కారు దొంగను చూడడానికి వచ్చారు. తాళం పట్టుకున్నది ఎవరని అడగకండి. ఆయన పంచకు జేబు లేదు కదా.

పాణ్యం రాకముందే వీడియో మా అత్తగారింటి గ్రూపులో పడింది, స్థలపురాణంతో సహా. కింద మా వదిన కొడుకు, అంటే ఆయన సుపుత్రుడే, చారల గురించి అడిగాడు. చిన్న పిల్లోడు, ఏం అంటాం.

రాత్రి తోడల్లుడి నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది. కొత్త రిమోట్ తాళానికి ఎంతవుతుందో రాసిన కాగితం ఫోటో. దాని కింద: "సగం సగం వేసుకుందామా తమ్ముడూ?"

చూసినట్టు నీలం టిక్కులు పడినాయి. పడనీ.